డ్యూటీ దిగి డిగ్రీకి: కృష్ణా డెల్టా నర్సుల రెండో చదువు

పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ మొదటి ఏడాది పేపర్ల జాబితాలో ముందుండేది నర్సింగ్ ఫౌండేషన్. ఆ క్లాసులో కూర్చునేవాళ్లు అప్పటికే జనరల్ నర్సింగ్ పాసై, నర్సింగ్ కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకున్నవాళ్లు. కొందరికి పదేళ్ల వార్డు అనుభవం ఉంటుంది. నిద్రలో లేపినా నరం చూసి సూది ఎక్కించగలరు, కాన్పుకు చేయందించగలరు. అలాంటివాళ్లకు నర్సింగంటే ఏమిటో మొదటినుంచి మళ్లీ చెప్పడం వింతగానే ఉంటుంది. ఈ చదువు ఎలా పుట్టిందో తెలిస్తే ఆ వింతకు కారణం దొరుకుతుంది. రోగి మంచం పక్కన నిలబడి ఆలోచించినవాళ్లు దీన్ని అడగలేదు. ఎప్పటికప్పుడు ఏదో ఒక ఉద్యోగపు నిబంధనే అడిగింది.

బందరులో (మచిలీపట్నంలో) అక్షరం ముందొచ్చింది, ఆసుపత్రి చదువు తర్వాత వచ్చింది. మిషనరీ రాబర్ట్ నోబుల్ ఇంగ్లీషు బడి 1843లో మొదలైంది. కొద్ది ఏళ్లకే షార్కీ దొరసాని ఆడపిల్లలకు బడి పెట్టింది. మిషన్ డాక్టరు అన్నా సారా కుగ్లర్ గుంటూరులో అడుగుపెట్టింది 1883లో, ఆమె ఆసుపత్రి తలుపులు తెరిచింది 1898లో. డెల్టా ఆడవాళ్లకు నర్సు పని అనేది ఒకటుందని తెలిసింది ఇలాంటి మిషన్ ఆసుపత్రుల వల్లే. ఈ దారిన ముందు నడిచినవాళ్లు ఎక్కువగా క్రైస్తవ కుటుంబాల పిల్లలు, అందులోనూ దళితులు. పరాయి మగవాడి పుండు కడగడం, రాత్రిపూట బయట ఉండడం మర్యాద కాదనుకున్న ఇళ్లవాళ్లు తమ ఆడపిల్లల్ని పంపలేదు. ఒంట్లో బాగోలేనప్పుడు అదే సిస్టరమ్మ చేతి మందు మాత్రం తాగారు.

1926లో మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. కృష్ణా జిల్లా అప్పటికి మద్రాసు రాజధానిలోదే కాబట్టి గుడివాడలో పనిచేసినా అవనిగడ్డలో పనిచేసినా నర్సు పేరు మద్రాసు రిజిస్టరులోకే ఎక్కేది. శిక్షణ పొందిన నర్సుకూ, వార్డులో పని నేర్చుకున్న ఆయాకూ మధ్య గీత గీసిన కాగితం అదే.

1946లో భోర్ కమిటీ నివేదిక వచ్చేనాటికి దేశంలో 43,000 మందికి ఒక నర్సు లెక్కన ఉన్నారు. అదే ఏడాది ఢిల్లీలోనూ వేలూరులోనూ నర్సింగ్ డిగ్రీ చదువు మొదలైంది. వేలూరు ఢిల్లీ అంత దూరమేమీ కాదు. అయినా మన పిల్లలు ఎక్కువమంది డిప్లొమానే పట్టుకున్నారు. కారణం తెలివితేటలు కాదు, తిండి. జనరల్ నర్సింగ్‌లో చేరితే ఆసుపత్రే హాస్టలు, భోజనం, స్టైపెండు ఇచ్చేది. బదులుగా ట్రైనింగ్ పిల్లల చేత వార్డులు నడిపించుకునేది. డిగ్రీకి ఇంటినుంచి నాలుగేళ్లు డబ్బు పంపాలి. మూడెకరాల కౌలు రైతు ఏది ఎంచుకుంటాడు?

అసలు హైస్కూలు చదువే లేనివాళ్ల సంగతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ పట్టించుకుంది. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ద్వారా 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త కోర్సులు మొదలయ్యాయి. బడి మధ్యలో మానేసినవాళ్లు రెండేళ్లలో మెట్రిక్‌కు కూర్చోవచ్చు. గ్రామసేవిక, టీచరు, నర్సు కొలువులకు అభ్యర్థులు దొరకని రోజులవి. పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక మళ్లీ బడికెళ్లడం తప్పు కాదని ప్రభుత్వమే అనడం మన వైపు ఆడవాళ్లకు చిన్న విషయం కాదు. నర్సుల రెండో చదువుకు నేల దున్నిపెట్టింది ఈ పథకమేనని నా నమ్మకం.

1963లో తిరువనంతపురంలో రెండేళ్ల పోస్ట్ సర్టిఫికెట్ డిగ్రీ ప్రారంభమైంది. దేశంలో ఆ తరహాలో మొదటిది అదే. నర్సింగ్ స్కూళ్లు పెరుగుతున్నాయి, పాఠం చెప్పే ట్యూటర్లు లేరు. వార్డు తెలిసిన నర్సుకే డిగ్రీ ఇచ్చి ట్యూటర్ని చేద్దామన్న ఆలోచన దీని వెనక ఉంది. రెండో ఏడాదిలో నర్సింగ్ విద్య, నర్సింగ్ పరిపాలన, పరిశోధన, గణాంకాలు ఈనాటికీ ఉన్నాయంటే ఆ పుట్టుమచ్చే. బందరు నర్సుకు మాత్రం అది అందని ద్రాక్షే. డిగ్రీ కావాలంటే వేలూరుకో, హైదరాబాదులో సోమాజిగూడ ప్రభుత్వ నర్సింగ్ కాలేజీకో పోవాలి. ఇంట్లో పిల్లల్ని ఎవరు చూస్తారు?

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ఊడ్చేసింది. ప్రభుత్వ లెక్కలోనే చచ్చిపోయినవాళ్లు పదివేలకు దగ్గర. శవాలు, కళేబరాలు, ఉప్పునీళ్లు కలిసిన బావులు. వార్డూ మంచమూ లేని చోట నర్సు పనంటే టీకాలు వేయడం, నీళ్లు మరిగించుకోమని చెప్పడం, గుడిసె గుడిసెకూ తిరిగి విరేచనాల కేసు ఎక్కడుందో కనిపెట్టడం. దాదాపు పది నెలలకు, 1978 సెప్టెంబరులో, ఆల్మా ఆటాలో ప్రపంచ దేశాలు కూర్చుని ప్రాథమిక ఆరోగ్య సంరక్షణ గురించి తీర్మానం చేశాయి. నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో పనిచేసినవాళ్లకు ఆ తీర్మానం కొత్తగా ఏమీ చెప్పి ఉండదు.

డిగ్రీకి దూరం కాస్త తగ్గింది 1986లో. ఆ ఏడాది నవంబరు 1న విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం పుట్టింది. ఎన్టీఆర్ పేరు 1998లో పెట్టారు, మధ్యలో ఒకసారి మార్చారు, మళ్లీ అదే పేరుకు వచ్చారు. సర్టిఫికెట్ల మీద పేర్లు మారడం మనకు అలవాటే. బందరులో బస్సెక్కితే రెండు గంటల్లో చేరే ఊళ్లో వర్సిటీ వచ్చింది. అయితే నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల్లోనూ ఇదే 1986 ఒక గోడలా కనిపిస్తుంది. ఆ ఏడాదికి ముందో, ఆ ఏడాదో టెన్ ప్లస్ వన్ చదివినవాళ్లకు పోస్ట్ బేసిక్‌లో ప్రవేశం ఉంది. తర్వాతివాళ్లకు ఇంటర్ తప్పనిసరి. ఇరవై ఏళ్లు నైట్ డ్యూటీలు చేసిన సీనియర్ అయినా ఇంటర్ కాగితం లేకపోతే బయటే. ఇంకో తమాషా నిబంధన మగ నర్సులది. ఒకప్పుడు వాళ్లకు మంత్రసాని శిక్షణ ఉండేది కాదు. అందుకు బదులు ఆపరేషన్ థియేటరో, కుష్ఠో, క్షయో, మానసిక వైద్యమో ఆరు నుంచి తొమ్మిది నెలలు నేర్చుకున్నట్టు చూపించాలి.

1990ల్లో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం మూడేళ్ల దూరవిద్యగా ఇదే డిగ్రీ తెచ్చింది. ఉద్యోగం మానకుండా చదవొచ్చు. డ్యూటీ చార్టు అటూ ఇటూ మార్చుకుని, తోటి సిస్టర్‌ను బతిమాలి నైట్ మార్చుకుని కాంటాక్ట్ క్లాసులకు వెళ్లడం అప్పటి మాట. ఈ చదువుకు నిజమైన ఫీజు ఆ తోటి సిస్టర్ల చేతే కట్టించారు.

ఈలోగా బయటి దేశాల లెక్కలు వచ్చిపడ్డాయి. అమెరికా నర్సుల సంఘం 1965లోనే వృత్తిలోకి వచ్చే కనీస చదువు డిగ్రీ కావాలంది. న్యూయార్క్ రాష్ట్రం 2017 డిసెంబరులో చట్టమే చేసింది: కొత్తగా లైసెన్సు పొందిన రిజిస్టర్డ్ నర్సు పదేళ్లలో డిగ్రీ తెచ్చుకోవాలి. ఏమైనా ఆ చట్టంలో ఒక మర్యాద ఉంది. నర్సును పనిలోనే ఉంచి, గడువిచ్చి చదువుకోమంది. మన పోస్ట్ బేసిక్ పదేళ్ల అనుభవానికి ఒక్క నెల కూడా తగ్గించదు. నిన్న రిజిస్టరైనవాళ్లకూ వాళ్లకూ అవే రెండేళ్లు.

ఈ డిగ్రీ వల్ల మంచం పక్కన ఏం మారుతుందని అడిగితే దివిసీమ నుంచే జవాబు చెప్పొచ్చు. 2018 వర్షాకాలంలో అక్కడ పాముకాట్లు పెరిగిపోయి, మోపిదేవిలో సర్పశాంతి యాగం కూడా చేయించారు. ఆసుపత్రికొచ్చిన రైతుకు రక్తపింజరి కరిచిందా, విషం ఎక్కిందా అని తేల్చడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. పొడిగా ఉన్న గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, వంచి చూడాలి. గడ్డకట్టకుండా జారితే విషానికి విరుగుడు మొదలుపెట్టాలి. ప్లాస్టిక్ గొట్టం వాడినా, సబ్బుతో కడిగిన గాజు గొట్టం వాడినా ఫలితం తప్పుతుంది. గాజు పైపొర తగిలితేనే గడ్డకట్టే ప్రక్రియ నడుస్తుంది కాబట్టి. ఎలా చేయాలో డిప్లొమా సిస్టర్‌కు బాగా తెలుసు. ఎందుకో తెలిస్తే, స్టోర్ నుంచి ప్లాస్టిక్ గొట్టాలు వచ్చిన రోజున ఇవి వద్దని అడ్డం పడుతుంది. మొదటి ఏడాది బయోకెమిస్ట్రీ పేపరు విలువ అంతే, అంతటిది కూడా.

ప్రభుత్వం డిగ్రీ అడిగింది మాత్రం ఇందుకోసం కాదు. 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చాక ఊళ్లలో మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది కొలువులు పుట్టాయి. మన రాష్ట్రం నోటిఫికేషన్లలో బీఎస్సీ నర్సింగ్ అడిగింది. ఎదురుమొండి, ఉల్లిపాలెం లాంటి ఊళ్లలో బీపీ, షుగరు చూసి మందులిచ్చే పని అది. దశాబ్దాలుగా అదే పని చేస్తున్న డిప్లొమావాళ్లు ఆ వరసలో నిలబడాలంటే మళ్లీ కాలేజీ గడప తొక్కాలి. ఇంటర్ కాగానే నేరుగా నాలుగేళ్ల బీఎస్సీలో చేరే పిల్లలు ఎలాగూ పెరుగుతున్నారు. పైగా ఈ చదువుల నిబంధనల్ని కొత్తగా రాయడానికి 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. పోస్ట్ బేసిక్ అవసరం ఇంకో తరానికల్లా తీరిపోవచ్చు కూడా.

అదే 2023 సెప్టెంబరు 15న బందరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలై, జిల్లా ఆసుపత్రి బోధనాసుపత్రి అయింది. కుర్ర డాక్టరుకు మొదటిసారి నరం దొరకనప్పుడు చెయ్యి పట్టి చూపించేది చాలాచోట్ల జనరల్ నర్సింగ్ చేసిన సిస్టరే. ఆమె దగ్గర నేర్చుకోవడానికి అతన్ని ఎవరూ డిగ్రీ అడగరు. ఆమె నర్సింగ్ కాలేజీలో అదే పాఠం చెప్పాలంటే మాత్రం ముందు డిగ్రీ తెచ్చుకోవాలి.