పాత ల్యాండ్ క్రూయిజర్‌కి కొత్త పంపు

సలాలా సనాయ్యాలో పాత పెట్రోల్ ల్యాండ్ క్రూయిజర్లకి కార్బురేటర్ పీకేసి ఇంజెక్షన్ పెట్టించుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. పోయిన ఎపిసోడ్‌లో ఆ మాట రాగానే చాలామంది అడిగింది ఒక్కటే: అన్నా, ఏ పంపు కొనాలె? నేను మెకానిక్‌ని కాదు, ఐటీఐలో ఫిట్టర్ చదివి సైట్లు చూసుకుంటున్నవాణ్ణి. కానీ సైటు బండ్లతోనే ఇన్నేళ్లు గడిచినయి. పేరు చెప్పే ముందు కొంచెం చరిత్ర చూద్దాం, జవాబు అందులోనే ఉంది.

1970 నాటికి ఒమన్ మొత్తంలో తారు రోడ్డు 10 కిలోమీటర్లే. రాళ్లల్ల, ఇసుకల తిరగాలంటే దారిలోనే విప్పి బాగుచేసుకునే బండి కావాలె. కార్బురేటర్ బండి పంపు అట్లాంటిదే. ఇంజిన్ పక్కన ఉంటది, క్యామ్‌షాఫ్ట్ తన్నితే లోపల డయాఫ్రం ఆడి పెట్రోలు గుంజుతది. ప్రెషర్ 3 నుంచి 5 పీఎస్‌ఐ. మన సైకిల్ టైర్ల గాలి దీనికంటే ఎంతో ఎక్కువ!

1967లో బాష్ కంపెనీ డి-జెట్రానిక్ ఇంజెక్షన్ ఫోక్స్‌వ్యాగన్ 1600లో వచ్చింది. అమెరికాలో పొగ మీద చట్టాలు బిగియడమే కారణం. దానికి సుమారు 2 బార్, అంటే 29 పీఎస్‌ఐ కావాలె. 1973లో వచ్చిన కె-జెట్రానిక్‌కి 5 బార్ దాకా పోయింది. డయాఫ్రం పంపుతో అయ్యే పని కాదు, అందుకే కరెంటు పంపు. మొదట్లో దాన్ని బండి కింద బిగించేవాళ్లు. తర్వాత కంపెనీలు ట్యాంకు లోపలికి మార్చినయి. ఎందుకంటే ఈ పంపు బాగా తోస్తది, గుంజుడు మాత్రం చేతగాదు. గుంజేటప్పుడు పైపులో ప్రెషర్ పడిపోయి, వేడికి పెట్రోలు ఆవిరైతది. పైగా పంపు మోటారుని చల్లబరిచేది కూడా పెట్రోలే.

ఇది సలాలాలో మామూలు సంగతి కాదు. ఖరీఫ్‌లో ఇక్కడ తుంపరలో 26 డిగ్రీలకి బయల్దేరతం, గంటలో కొండ దాటి తుమ్రైత్ చేరేసరికి 40 దాటుతది. ఒకసారి సైటు పికప్‌కి ఎవరో చాసిస్ కింద పంపు వేలాడదీసి పంపిండ్రు. డబ్బా మీద పెద్ద పేరు, లోపల నకిలీ సరుకు. తుమ్రైత్ దాటినంక మధ్యాహ్నం ఆగింది. నలుగురం, ఆరు నీళ్ల సీసాలు, ఫోన్‌కి సిగ్నల్ లేదు. పొద్దుగూకి చల్లబడ్డాకే బండి లేచింది.

1992లో 80 సిరీస్‌కి వచ్చిన 1ఎఫ్‌జెడ్-ఎఫ్‌ఈ ఇంజెక్షన్ ఇంజిన్‌కే గల్ఫ్‌లో కార్బురేటర్ తమ్ముడు, 1ఎఫ్‌జెడ్-ఎఫ్, అమ్మిండ్రు. అందుకే ఈ మార్పిడి మోజు. ఆ ఇంజిన్ సుమారు 210 హార్స్‌పవర్. ఫుల్ లోడు మీద గంటకి 65 లీటర్ల లెక్కన తాగుతది. 40 పీఎస్‌ఐ దగ్గర గంటకి 100 లీటర్లు ఇచ్చే పంపు చాలు. వాల్‌బ్రో 255, బాష్ 044 అని కుర్రాళ్లు ఎగబడతరు. మంచి పంపులే, కానీ అక్కర్లేని పెట్రోలు తిరిగి తిరిగి ట్యాంకు వేడెక్కుతది. వాటికే నకిలీలు కూడా ఎక్కువ. నా ఓటు ఆ ఇంజెక్షన్ మోడల్‌కి కంపెనీ వేసిన డెన్సో పంపుకే. బిల్లు ఇచ్చే దుకాణంలో కొని, జాలితో సహా ట్యాంకు లోపల పెట్టించండి.

బిగించినాక ఆరుబయట, సిగరెట్ లేకుండా, ఫైర్ సిలిండర్ పక్కన పెట్టుకుని రిటర్న్ పైపు కింద కొలత డబ్బా పట్టండి. 30 సెకన్లకి 800 మిల్లీలీటర్లు రావాలె. తక్కువైతే పంపుని తిట్టకముందు వైరు చూడండి. పాత సన్న వైరులో 13.5 వోల్టులు 11 అయితయి, ధార బాగా తగ్గుతది. బ్యాటరీ నుంచి లావు వైరు, రిలే వేయించండి. పాత కార్బురేటర్ హోసు ఈ ప్రెషర్‌కి పగులుతది, ఇంజెక్షన్ హోసే వాడాలె. ఇంజిన్ ఆగిపోతే పంపు కూడా దానంతట అదే ఆగేటట్టు రిలే కలపమని గట్టిగా చెప్పండి. బండి బోల్తా పడ్డా పంపు తిరుగుతుంటే పెట్రోలు నిప్పు మీద పోసినట్టే. ఒక రిలే, రెండు ఫ్యూజులు డ్యాష్‌బోర్డులో ఎప్పుడూ ఉండాలె.