నాన్నగారి కలం

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని మన కార్యదర్శి గారు కోరారు. పల్నాటి యుద్ధాల చరిత్ర వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం మనందరికీ సర్వీసంతా అన్నం పెట్టిన ఒక చిన్న వస్తువు గురించి, అంటే ఇంకు పెన్ను గురించి, నాలుగు మాటలు మనవి చేస్తాను.

మా నాన్నగారు నూజెండ్ల ప్రాంతంలో ఒక గ్రామానికి కరణం. 1967లో గోదావరి పుష్కరాలకు వెళ్ళి, రాజమండ్రిలో ఒక నల్లని రత్నం పెన్ను కొని తెచ్చుకున్నారు. ఆ తరువాత అడంగలు వ్రాసినా, చిట్టా వ్రాసినా దానితోనే. 1984 జనవరిలో ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలను రద్దు చేసినప్పుడు, లెక్కల పుస్తకాలన్నీ అప్పగించి వచ్చి పెన్ను నా చేతిలో పెట్టారు. "పుస్తకాలు సర్కారువిరా, ఇది మనది" అన్నారు. వినుకొండ తాలూకా ఆఫీసులో గుమాస్తాగా ఉన్న నేను, 1985లో మండలాలు ఏర్పడ్డాక నూజెండ్లకు వచ్చాను. 2008లో రిటైరయ్యే వరకు ఆ పెన్ను నా జేబులోనే ఉంది. ఆ తరువాత ఒకరోజు కిందపడి పాళీ వంగింది. పెట్టెలో పెట్టి మరిచిపోయాను.

నిరుడు మా ఇంటావిడ కంటి ఆపరేషనుకు డబ్బు తీయడానికి బ్యాంకుకు వెళ్ళాను. సంతకం కలవలేదని ఫారం వెనక్కి ఇచ్చారు. చేయి వణుకుతోంది. మూడుసార్లు బాల్ పెన్నుతో వ్రాశాను, మూడూ మూడు రకాలుగా వచ్చాయి. "పోనీ వేలిముద్ర వేయండి మామయ్యా, తప్పేముంది?" అన్నాడు మా అల్లుడు. తప్పేమీ లేదు. కాని సర్వీసంతా ఇతరుల చేత వేలిముద్రలు వేయించి, పక్కన 'నిశాని' అని వ్రాసిన చేయి ఇది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డబ్బు అల్లుడే సర్దాడు, ఆపరేషను సక్రమంగా జరిగింది.

తరువాత కొద్ది రోజులకు హైదరాబాదులో కలాల ప్రదర్శన ఉందని మా మనుమడు చెప్పాడు. పాత పెన్ను సంచిలో వేసుకుని, వినుకొండలో బస్సెక్కాను. ముసలివాళ్ళే ఉంటారనుకుంటే, హాలు నిండా కంప్యూటర్ ఉద్యోగాలు చేసే పిల్లలు! రంగురంగుల సిరాబుడ్లు, లేతు మీద కలాలు తిప్పి చూపించే పనివాళ్ళు. అక్కడ విన్నవీ, తరువాత చదివి తెలుసుకున్నవీ కొన్ని చెబుతాను.

నేటి ఇంకు పెన్నుకు దారి వేసినవాడు అమెరికాలోని లూయిస్ వాటర్‌మన్. 1884లో పేటెంటు పొందాడు. పాళీ కింద నాలుక లాంటి భాగంలో సన్నని గాడులు ఉంటాయి. సిరా వాటిలోంచి కిందికి వస్తుంటే, ఆ ఖాళీని నింపడానికి గాలి లోపలికి పోతుంది. సిరా ఒక్కసారిగా కారిపోకుండా ఉండడానికి కారణం ఇదే. డ్రాపరుతో నింపే పెన్నులో సిరా తగ్గినప్పుడు చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి చుక్క రాలుతుంది. మన చొక్కాల మరకలకు కారణం చాలావరకు అదేనట! పెన్ను ఎప్పుడూ నిండుగా ఉంచుకోవాలని నాన్నగారు ఎందుకు అనేవారో ఇప్పుడు తెలిసింది.

మన దేశంలో కలం స్వదేశీ ఉద్యమంతో పెరిగింది. బొంబాయిలో కేమెల్ సిరా తయారుచేసిన సంస్థ 1931లో, బెంగాలులో సులేఖా సిరా 1934లో మొదలయ్యాయి. మన రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నం గారు కలాల తయారీ చేపట్టారు. 1921లో వార్ధాలో గాంధీజీని కలిసినప్పుడు, సామాన్యులకు పనికివచ్చే స్వదేశీ వస్తువు ఏదైనా చేయమని ఆయన ప్రోత్సహించారని చెబుతారు. అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘానికి చెందిన జె.సి. కుమారప్ప గారి ద్వారా రత్నం గారి కలం గాంధీజీకి చేరింది. దానిని వాడి చూసి, బజారులోని విదేశీ కలాలకు బదులు వాడదగినదని మెచ్చుకుంటూ 1935 జూలైలో ఆయన జాబు వ్రాశారు. ఆ కలాలు ఎబొనైటుతో చేసేవారు. అంటే గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు. మూత విప్పి వేలితో రుద్దితే గంధకం వాసన వస్తుంది. ఎండ తగిలితే నలుపు తగ్గి గోధుమ రంగుకు తిరుగుతుంది.

1938లో హంగరీ దేశస్థుడు లాస్లో బీరో బాల్ పెన్నుకు పేటెంటు తీసుకున్నాడు. క్రమంగా అది చౌకై, మన జేబుల్లోంచి ఇంకు పెన్నును దాదాపు తరిమేసింది. అయితే బాల్ పెన్నులో గుండు దొర్లాలంటే కాగితం మీద అదిమి పట్టాలి. ఇంకు పెన్నుకు ఆ అవసరం లేదు, తాకితే చాలు సిరా దిగుతుంది.

ఈ మాట నాకు చెప్పింది ప్రదర్శనలో పెన్నులు బాగుచేసే ఒకాయన. నా పెన్ను చూసి, విప్పి, ఎండిన సిరా కరిగేవరకు చల్లని నీళ్ళలో నానబెట్టాడు. వేడినీళ్ళు పోస్తే ఎబొనైటు రంగు పోతుందట. వంగిన పాళీని గోటితో కొద్దికొద్దిగా సరిచేసి, సిరా నింపి నా చేతికిచ్చాడు. "అదమకండి బాబాయ్ గారూ, దాని బరువు మీదే నడవనివ్వండి" అన్నాడు. సంతకం చేశాను. చేయి వణకలేదని అనను, వణికింది. కాని అక్షరాలు విడిపోలేదు. నాన్నగారి సంతకంలోని చివరి గీత నా సంతకంలోనూ ఉందని ఆ రోజే గమనించాను.

పాత సంతకంతో మాత్రం అది కలవలేదు. బ్యాంకులో అర్జీ పెట్టి, కొత్త నమూనా సంతకం ఇచ్చుకున్నాను. అధికారి ఆమోదించారు. సంతకం మారిందని బాధపడుతున్న సోదరులు ఈ విషయం గమనించ ప్రార్థన. వేలిముద్ర వేయడం అవమానం కాదు, అయితే చేయి ఆడినంత కాలం వ్రాయడానికి దారి ఉంది.

మీ పెట్టెల్లో పాత కలాలుంటే పారవేయకండి. చల్లని నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి చూడండి. ఈ వ్యాసం నాన్నగారి కలంతోనే వ్రాశాను. కొట్టివేతలకు సంపాదకులు మన్నించాలి.