రేపటి దిగులుకు రెండున్నర వేల ఏళ్ల వైద్యం

రేపేమవుతుందోనన్న దిగులు మన కాలంలో పుట్టిన జబ్బేం కాదు. దానికి మందు వెతకడమూ నిన్నమొన్నటి ముచ్చట కాదు.

గడిచినదాని వెంట పడొద్దని, రానిదాని కోసం అర్రులు చాచొద్దన్నది బుద్ధుడి బోధల సంకలనమైన మజ్ఝిమ నికాయంలోని భద్దేకరత్త సుత్తం సారం. సతిపట్ఠాన సుత్తం ఆ మాటకు సాధన జోడించింది: ఊపిరి, నడక, ఒంటి నొప్పి, ఏది జరుగుతుంటే దాన్నే గమనించడం.

రోములో బానిసగా బతికిన ఎపిక్టెటస్, మన చేతిలో ఉన్నదేదో లేనిదేదో ముందు విడదీసుకోమన్నాడు. క్రీ.శ. 161 నుంచి 180 దాకా ఏలిన చక్రవర్తి మార్కస్ అరీలియస్ ఆ పాఠాన్ని నేర్చుకుని, దాన్యూబ్ తీరంలో యుద్ధాలు నడుపుతూనే తనకోసం తాను రాసుకున్నాడు. ఈ క్షణంలో ఉండమన్న మనిషే రేపటి దండయాత్రకు సన్నాహాలూ చేశాడు.

ఆధునిక కాలంలో దారి రెండు పాయలైంది. 1913లో యేల్ విశ్వవిద్యాలయ విద్యార్థులతో మాట్లాడుతూ డాక్టర్ విలియం ఆస్లర్, ఓడలో నీరు చొరని గదుల్లా ఏ రోజుకారోజును మూసుకుని బతకమన్నాడు. 1948లో డేల్ కార్నెగీ దిగులు మానడంపై రాసిన తన పుస్తకాన్ని ఆ మాటతోనే మొదలుపెట్టి ఇంటింటికీ చేర్చాడు.

రెండో పాయ బర్మాది. భిక్షువులకే పరిమితమన్నట్లున్న ధ్యానాన్ని అక్కడి భిక్షువు లెడీ సయడో గృహస్థులకు అందించాడు. ఆ పరంపరలోని ప్రభుత్వ అకౌంటెంట్ జనరల్ ఊ బా ఖిన్ దగ్గర అది నేర్చుకున్న వ్యాపారి గోయెంకా 1969లో భారతదేశానికి తెచ్చాడు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి మాత్రం ఏ పద్ధతినీ ఒప్పుకోలేదు. గడియారపు కాలం అవసరమేనని, మనసు అల్లుకునే రేపటితోనే చిక్కని ఆయన వాదన.

1979లో జాన్ కబట్-జిన్ మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో, ఎంతకీ తగ్గని నొప్పులతో వచ్చిన రోగులకు జరుగుతున్నదాన్ని గమనించే ఈ సాధననే పాఠంగా చెప్పాడు. తర్వాత అది 8 వారాల శిక్షణగా స్థిరపడింది. 1983లో మనస్తత్వవేత్త టామస్ బోర్కోవెక్ బృందం మరో చిట్కా పరీక్షించింది: దిగులు పడడానికి రోజూ ఒకేచోట, ఒకే వేళకు అరగంట కేటాయించి, మిగతా వేళల్లో వచ్చే ఆలోచనలను ఆ అరగంటకు వాయిదా వేయడం. 2010లో 2,250 మందిని ఫోన్ ద్వారా పలకరించిన హార్వర్డ్ పరిశోధకులు, మెలకువగా ఉన్న వేళలో దాదాపు 47 శాతం సేపు మనసు చేస్తున్న పని మీద ఉండదని, అలా ఉండనప్పుడు సంతోషమూ తక్కువేనని తేల్చారు.

ఇన్ని దారులు తిరిగి చూస్తే తేలేది ఇది. రేపటికి విత్తనం దాచుకోవద్దని వీరెవరూ అనలేదు. బెంగ పెట్టుకోకు అన్న ఉత్త బోధతో ఎవరి బెంగా తీరలేదు. పని చేసింది సాధనే. దానికీ హద్దుంది: రేపు కూలి దొరుకుతుందో లేదో తెలియని మనిషికి ముందు కావలసింది పని, ఆ తర్వాతే ధ్యానం. కడుపు నిండినవాళ్లం ఆ తేడా మరవకుండా, రేపటి లెక్క ఒకసారి రాసి పక్కనపెట్టి, చేతిలో ఉన్న పని చేసుకోవాలి.