మానిటోబా పాఠానికి ముందు: ఈ నేల ఎవరిది?

"మేముండే ఊరు" పాఠం చెప్పేటప్పుడు మనలో చాలామందికి ఒక మాట అలవాటు: "అప్పట్లో ఇక్కడంతా ఖాళీ నేల, తర్వాత జనం వచ్చి పొలాలు చేసుకున్నారు." నేనూ రెండేళ్ళు అలాగే చెప్పాను. ఒకరోజు తొమ్మిదేళ్ళ పాప లేచి, "ఖాళీ అయితే విన్నిపెగ్ అని పేరెవరు పెట్టారు టీచర్?" అని అడిగింది. అది క్రీ భాషలోంచి వచ్చిన పేరు, బురదనీరు అని అర్థం. పేరున్న నేల ఖాళీ నేల ఎలా అవుతుంది? ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. తర్వాత చదివి తెలుసుకున్నది ఇక్కడ మీ కోసం రాస్తున్నాను.

మొదలు ఒక కంపెనీతో. ఈ కథ మన పెద్దవాళ్ళకు కొత్తగా అనిపించదు. 1765లో మొఘలు చక్రవర్తి ఫర్మానాతో, ఆ మరుసటి ఏడు నిజాంతో ఒప్పందంతో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్ళాయని చదువుకున్నాం కదా. అంతకు దాదాపు వందేళ్ళ ముందే, 1670లో, ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ హడ్సన్స్ బే కంపెనీకి ఒక సన్నదు రాసిచ్చాడు. హడ్సన్ అఖాతంలోకి నీరు పారే నేలంతా ఆ కంపెనీదే అన్నాడు. రాజు ఆ నేలను చూసింది లేదు. అది ఈనాటి భారతదేశం కంటే పెద్దది. దానికి పెట్టిన పేరు రూపర్ట్స్ ల్యాండ్. అక్కడ తరతరాలుగా ఉంటున్న క్రీ, అనిషినాబే వంటి జాతులను ఎవరూ అడగలేదు.

రెండు వందల ఏళ్ళు బొచ్చుతోళ్ళ వ్యాపారం చేశాక, కంపెనీ ఆ హక్కును 3 లక్షల పౌండ్లకు వదులుకోవడానికి ఒప్పుకుంది. 1870లో ఆ నేల కెనడా చేతికొచ్చింది. అప్పటికి రెడ్ రివర్ ఒడ్డున సుమారు 12 వేల మంది ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది మేటీలు, అంటే ఇక్కడి ఆదివాసీ తల్లులకూ యూరప్ నుంచి వచ్చిన వ్యాపారులకూ పుట్టిన కుటుంబాల వాళ్ళు. ఈసారి వాళ్ళనూ అడగలేదు.

మేటీల పొలాలు ఏటి గట్టు నుంచి వెనక్కి సన్నగా, పొడుగ్గా పోయేవి. ప్రతి ఇంటికీ నీళ్ళు, కట్టెలు, వెనక గడ్డిమేత అందాలని అలా పంచుకున్నారు. కెనడా పంపిన సర్వేయర్లు మాత్రం నేలనంతా చదరాలుగా కొలవడానికి వచ్చారు. 1869 అక్టోబరు 11న వాళ్ళ గొలుసు ఆంద్రే నో అనే రైతు గడ్డిభూమిలోకి వచ్చింది. ఆయన వెళ్ళి తోటివాళ్ళను పిలుచుకొచ్చాడు. వాళ్ళలో ఇంగ్లీషు వచ్చిన 24 ఏళ్ళ లూయీ రియెల్ కొలత ఆపమని చెప్పాడు. గొలుసు మీద కాలు పెట్టి నిలబడ్డారని చెప్పుకుంటారు. సర్వే ఆగింది.

ఆ పోరాటం వల్లే 1870లో మానిటోబా ఒక ప్రావిన్సు అయింది. ఆ చట్టంలో మేటీల పిల్లల కోసం 14 లక్షల ఎకరాలు కేటాయిస్తామని రాశారు. గమనించండి, పిల్లల కోసం. కానీ పంపకం ఏళ్ళ తరబడి సాగింది, తప్పుల మీద తప్పులు జరిగాయి. ఈలోగా కొత్తవాళ్ళు వచ్చి చుట్టూ స్థిరపడ్డారు, చాలా కుటుంబాలు విసిగి పడమరకు వెళ్ళిపోయాయి. అక్కడ సస్కాచెవాన్ నది దగ్గర మళ్ళీ అదే గొడవ. 1885లో బటోష్ దగ్గర మేటీలు ఓడిపోయారు, రియెల్‌ను రెజైనాలో ఉరి తీశారు. 2013లో కెనడా సుప్రీంకోర్టు, పిల్లలకిచ్చిన ఆ మాటను ప్రభుత్వం శ్రద్ధగా నిలబెట్టుకోలేదని తీర్పు చెప్పింది. మాట ఇచ్చి అప్పటికి 143 ఏళ్ళు.

ఇదే కాలంలో, 1871 నుంచి 1877 దాకా, ఆదివాసీ జాతులతో ఏడు ఒప్పందాలు జరిగాయి. మొదటిది విన్నిపెగ్‌కు దగ్గర్లోని లోయర్ ఫోర్ట్ గారీలో. భూమిని పంచుకోవడానికి ఒప్పుకున్నామని వాళ్ళ పెద్దలు ఇప్పటికీ చెప్తారు. కాగితం మీద మాత్రం పూర్తిగా వదులుకున్నట్టు ఉంది. 1872 చట్టంతో, 10 డాలర్ల రుసుము కట్టి అక్కడే ఉంటూ సాగు చేస్తే 160 ఎకరాలు వచ్చేవి. "ఖాళీ నేల" అన్న మాటకు అప్పుడు అంత గిరాకీ.

క్లాసులో ఎలా చెప్పాలి? ఉపన్యాసం వద్దు. ఫోన్‌లో పటం తెరిచి రెండు చోట్లు చూపించండి. రెడ్ రివర్ పక్కన కొన్ని వీధులు నది వైపు నుంచి సన్నగా, పొడుగ్గా పోతాయి. ఊరు దాటితే పొలాలు చదరంగం బల్లలా ఉంటాయి. "ఎందుకిలా ఉంది?" అని అడిగి ఆగండి. పిల్లలే మాట్లాడతారు. గట్టు, ఎకరం, కొలత, మాట ఇవ్వడం, మాట తప్పడం లాంటి మాటలన్నీ ఆ కబుర్లలోనే వచ్చేస్తాయి.

తల్లిదండ్రులకు ఒక మనవి. "మనం తప్పు చేశామా?" అని పిల్లలు ఇంటికొచ్చి అడగొచ్చు. కంగారు పడకండి. ఆ గొలుసు మనం పట్టుకోలేదు. కానీ అది కొలిచిన నేల మీదే మన ఇల్లు ఉంది. అందుకే కథ తెలుసుకోవాలి, తెలిసింది తెలిసినట్టు చెప్పాలి. ఈ ఏడాది నుంచి నా క్లాసులో మొదటి వాక్యం మార్చాను: "మనం రాకముందు కూడా ఇక్కడ జనం ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు." మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి.