ఎల్డర్‌లైన్ (14567)
ఎల్డర్‌లైన్: అరవై ఏళ్లు దాటిన వృద్ధులకు, వేతనం లేకుండా ఇంట్లో వారిని చూసుకునే కుటుంబ సభ్యులకు సమాచారం, సహాయం అందించే జాతీయ టోల్‌ఫ్రీ టెలిఫోన్ సేవ. టాటా ట్రస్ట్స్, దాని అనుబంధ సంస్థ విజయవాహిని చారిటబుల్ ఫౌండేషన్ కలిసి 2017లో తెలంగాణ ప్రభుత్వ సహకారంతో హైదరాబాద్‌లో దీన్ని ప్రారంభించాయి. తరువాత కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ దీన్ని దేశమంతటికీ విస్తరించింది. అప్పటి ఉపరాష్ట్రపతి ఎం. వెంకయ్యనాయుడు 2021 అక్టోబరు 1న దీన్ని జాతికి అంకితం చేశారు.

సేవ వారంలో ఏడు రోజులూ ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఉంటుంది. కాల్ స్వీకరించే సిబ్బంది అవసరాన్ని నమోదు చేసి నాలుగు విభాగాల్లో స్పందిస్తారు: ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు, సహాయకుల సమాచారం; పింఛను, న్యాయ విషయాల్లో మార్గదర్శనం; మానసిక ఆసరా; నిరాదరణ, హింస, తప్పిపోవడం వంటి సందర్భాల్లో క్షేత్రస్థాయి జోక్యం.

న్యాయ విషయాల్లో వృద్ధుల పోషణ వివాదాలు తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) కింద ట్రిబ్యునల్ పరిధిలోకి వస్తాయి. ఆ ట్రిబ్యునల్ ఉత్తర్వులపై అప్పీళ్లను జిల్లా కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి అధ్యక్షతన ఉండే అప్పిలేట్ ట్రిబ్యునల్ విచారిస్తుంది. ఈ చట్టం పిల్లలపై పోషణ బాధ్యత మోపుతుంది. ఇంట్లో సేవ చేసేవారికి మాత్రం ఎలాంటి భృతినీ కల్పించదు.