అనంతపుర సీమలో బొంత : మన కులస్త్రీల నేర్పు



కులచరిత్రమన శాసనములును, దేవాలయ మాన్యములును మాత్రమే యని తలచుట వాడుకయైనది. తొగటవీర క్షత్రియులు నేసిన చీర చరిత్ర కెక్కినది. ఆ చీర చినిగిన పిదప మన తల్లులు దానితో కూర్చిన బొంత యెక్కలేదు. దానిని గూర్చి యిందు కొంత విన్నవించుచున్నారము.

గుడ్డపీలికలను కూర్చుట మిక్కిలి ప్రాచీనము. బౌద్ధభిక్షువులు పాఱవేసిన గుడ్డల నేరి కుట్టుకొనిన చీవరమునకు పాంసుకూలమని పేరు. భజగోవింద స్తోత్రమున వీధిగుడ్డల కంథను దాల్చిన యోగి కాననగును. ఆ కంథయే మన బొంత. వంగదేశమున కాంథా యనియు, పొరుగున నున్న ఉత్తర కర్ణాటకమున కౌది యనియు దీనిని వ్యవహరింతురు.

1882లో బళ్లారినుండి వేఱుపడిన అనంతపుర మండలమున ఏటి వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు, అదియు నమ్మరానిది. 1876-78 నాటి ధాత కరవు నెఱిగిన యీ సీమలో గుడ్డ నూరక పాఱవేయు యిల్లాలు లేదు. తొగటలు పేదలు కట్టుకొను ముతక నూలుబట్టలు నేయుదురని 1909లో థర్‌స్టన్ దొర వ్రాసెను. ఆ ముతకతనమే బొంతకు బలము. చీరగా నలిగిన కొలది నూలు మెత్తబడి, పసిబిడ్డ మేనికి హితవగును.

పాతచీరలను పొరలు పొరలుగా పఱచి, చినిగినచోట పీలికల నమర్చి, అంచులు మడిచి, చుట్టునుండి నడిమికి వరుసకుట్టు వేయుదురు. కుట్టు దగ్గఱయైన కొలది బొంత మన్నును. ఇరుగుపొరుగమ్మలు నలుప్రక్కల కూర్చుండి కుట్టుదురు గనుక అది యొక్కరి సొత్తు గాని, కూలి కెక్కిన పని గాని కాలేదు. ఈ కారణముననే దాని వెల నెవరును గణింపరైరి.

1985 నాటి చేనేత వస్తువుల రిజర్వేషను చట్టము జంబుఖానాకును, కంబళికిని రక్షణ నొసగినది. బొంత నేసినది గాక కుట్టినదగుటచే అందు చేరలేదు. ఇంతలో పాలియెస్టరు చీరలు వచ్చినవి. అవి చెమట పీల్చవు, బొంతకు పనికిరావు. నూలుచీర కఱవైనచో బొంతయు కఱవగుట సహజమే గదా!

అయినను ఉపాయము లేకపోలేదు. ఉత్తరదేశమున పీలికలను పేకగా వేసి చిందీ దరీలు నేయుచున్నారు. మన రాయదుర్గమున జీన్సు కుట్టుపనిలో పీలికలు మిగులుచునే యున్నవి. నూలు పడుగుపై ఆ పీలికలను పేకగా వేసినచో, పని లేక నిలిచిన గుంటమగ్గమైనను గట్టి పఱపుల నీయగలదు. పట్టునూలు కొనజాలని యింటికి ఇది పెట్టుబడి స్వల్పమైన పని.

కావున పోషకులకు మా విన్నపములు రెండు. ఊరూర వృద్ధస్త్రీల కుట్లను, వరుసలను వ్రాయించి భద్రపఱుపవలయును. సంఘమున చేతిపనుల లెక్క వ్రాయునపుడు బొంత కుట్టిన చేతిని గూడ పనిచేతిగా నెంచవలయును. మగ్గము మన కులమునకు కీర్తి నిచ్చినది. కరవునాట చలి కాచినది బొంత. రెండును మన చరిత్రమే.

శ్రీ చౌడేశ్వరీదేవి యెల్లరను రక్షించుగాక!