లెక్కలోకి రాని పరుగులు: అమెరికా నల్లజాతి బేస్‌బాల్ ఆటగాళ్ళు

అణగారిన కులాల గురించి రాసినప్పుడల్లా మన చరిత్రకారులు మనల్ని పొలంలోనో, తోలు పనిలోనో, కరువు పనుల్లోనో చూపిస్తారు. ఆట మైదానంలో చూపించరు. మనవాళ్ళు ఆడలేదా అంటే ఆడారు. రాసినవాడు లేడు, అంతే. ఈ సంగతి మనకంటే ముందు అమెరికా నల్లవాళ్ళకు తెలిసొచ్చింది. వాళ్ళు దాన్ని ఎట్లా ఎదుర్కొన్నారో చూడాల్సిన అవసరం ఉందని మేము అనుకుంటున్నాము. 1873లో ఫూలే ‘గులాంగిరి’ని నల్లవాళ్ళ బానిసత్వం పోవడానికి పాటుపడిన అమెరికన్లకు అంకితమిచ్చాడు. అంటే ఈ పోలిక మేము కొత్తగా తెస్తున్నది కాదు. కులం, జాతి ఒకటి కావు. అయితే వెలివేసే పద్ధతులు మాత్రం బాగా దగ్గర దగ్గరగా ఉంటాయి.

బేస్‌బాల్ మన పల్లెల్లో లేదు. బంతి విసిరేవాడు పిచర్, కర్రతో కొట్టేవాడి వెనక కూర్చుని దాన్ని పట్టేవాడు క్యాచర్. ఏ రకం బంతి వెయ్యాలో క్యాచర్ వేళ్ళతో సైగ చేస్తాడు. ఈ సైగ సంగతి గుర్తుపెట్టుకోండి.

మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ ఒబెర్లిన్ కాలేజీలోనూ మిషిగన్ యూనివర్సిటీలోనూ చదువుకున్న నల్లవాడు. 1884లో టొలీడో జట్టు క్యాచర్‌గా పెద్ద లీగులో 42 ఆటలు ఆడాడు. అప్పట్లో ఇప్పటి మాదిరి మందపాటి గ్లౌజులు లేవు. చేతులు పగిలిపోయేవి. ఆ జట్టు పిచర్ టోనీ ములేన్ తెల్లవాడు. తాను చూసిన క్యాచర్లలో వాకరే మేటి అని ఎన్నో ఏళ్ళ తర్వాత తానే చెప్పుకున్నాడు. నల్లవాడంటే గిట్టదు కాబట్టి అతని సైగలు చూడకుండా ఇష్టమొచ్చిన బంతి వేసేవాణ్ణని కూడా చెప్పాడు. అంటే ఏ బంతి వస్తుందో తెలియకుండానే వాకర్ పట్టాడు. ఏ రికార్డు పుస్తకంలోనైనా దీనికి ఒక గడి ఉందా? సాటి ఆటగాడే ఎదురు జట్టుగా మారినప్పుడు వచ్చిన అంకెను మిగతావాళ్ళ అంకెల పక్కన పెట్టి ‘ప్రతిభ’ కొలవడం ఏం న్యాయం? రిజర్వేషన్ల మీద చర్చ వచ్చినప్పుడల్లా మన క్లాసుల్లో వినే మెరిట్ మాట కూడా ఇట్లాంటిదే.

1887 జూలైలో ఇంటర్నేషనల్ లీగ్ యజమానులు ఇకమీదట నల్లవాళ్ళతో కొత్త ఒప్పందాలు వద్దని తీర్మానించారు. పెద్ద లీగుల్లో అయితే అట్లాంటి రాతపూర్వక నిబంధనే లేదు. అందరికీ తెలుసు, ఎవరూ రాయలేదు. మన ఊళ్ళ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతికి జీవో ఎవడిచ్చాడు?

మన దేశంలో పల్వంకర్ బాలూ కథా ఇదే. పూనాలో తెల్లవాళ్ళ క్లబ్బులో పిచ్ చదును చేస్తూ, నెట్స్‌లో వాళ్ళకు బంతులు వేస్తూ ఎదిగిన చమార్ కులస్థుడు. హిందూ జట్టులోకి తీసుకున్నాక కూడా టీ మాత్రం పెవిలియన్ బయట, మట్టి కప్పులో. 1911 ఇంగ్లండ్ పర్యటనలో 114 వికెట్లు తీశాడు. కెప్టెన్సీ మాత్రం ఇయ్యలేదు. (1937 ఎన్నికల్లో ఆయన కాంగ్రెస్ తరఫున అంబేడ్కర్ మీద నిలబడి ఓడిపోయాడు. ఆ చర్చ వేరే.)

బాలూకు లేనిదీ, అమెరికా నల్లవాళ్ళు కట్టుకున్నదీ ఒకటుంది. సొంత లీగు. 1920 ఫిబ్రవరిలో కాన్సస్ సిటీలో రూబ్ ఫాస్టర్ నీగ్రో నేషనల్ లీగ్ పెట్టాడు. తానే గొప్ప పిచర్. హోటళ్ళు గదులివ్వవు, కాబట్టి బస్సుల్లోనే నిద్ర. లీగు ఆటలు చాలక ఊరూరా తిరిగి ఎవరితోనైనా ఆడి డబ్బు సంపాదించేవాళ్ళు. 1930లో కాన్సస్ సిటీ మోనార్క్స్ జట్టు లారీల మీద దీపాలు మోసుకెళ్ళి రాత్రి ఆటలు ఆడింది. పెద్ద లీగులో మొదటి రాత్రి ఆట 1935లో గానీ జరగలేదు. ఆడవాళ్ళలో టోనీ స్టోన్ 1953లో ఇండియానాపొలిస్ క్లౌన్స్ తరఫున మగవాళ్ళ మధ్య ఆడింది. అది విడిగా రాయాల్సిన కథ.

జాష్ గిబ్సన్ క్యాచర్, భయంకరమైన బ్యాట్స్‌మన్. 1947 జనవరిలో 35 ఏళ్ళకే చనిపోయాడు. మూడు నెలలకు జాకీ రాబిన్సన్ పెద్ద లీగులో అడుగుపెట్టాడు. హాల్ ఆఫ్ ఫేమ్‌లోని గిబ్సన్ ఫలకం దాదాపు 800 హోమ్‌రన్లు కొట్టాడంటుంది. ఇప్పటి అధికారిక లెక్క రెండు వందలకు లోపే. రెండూ అబద్ధం కావు. అధికారిక లెక్కలో లీగు ఆటలే ఉంటాయి, ఊరూరా ఆడినవి ఉండవు. ఊరూరా ఎందుకు ఆడాల్సి వచ్చిందో ఆ లెక్క చెప్పదు.

రాబిన్సన్‌ను తీసుకున్న బ్రూక్లిన్ జట్టు అతని పాత జట్టు మోనార్క్స్‌కు ఒక్క డాలరు కూడా ఇవ్వలేదు. మంచి ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయాక నల్లవాళ్ళ లీగులు మూతబడ్డాయి. తలుపు తెరుచుకోవడం గెలుపే, మేము కాదనము. వాళ్ళు కట్టుకున్న సంస్థ మాత్రం దాంతోనే కూలిపోయింది.

ఏవి పెద్ద లీగులో తేల్చడానికి 1969లో కూర్చున్న కమిటీ నల్లవాళ్ళ లీగులను పరిశీలించనే లేదు. పరిశోధకులు చికాగో డిఫెండర్, పిట్స్‌బర్గ్ కొరియర్ లాంటి నల్లవాళ్ళ పత్రికల పాత సంచికలు తిరగేసి ఒక్కో ఆట స్కోరూ ఎత్తి రాశారు. దశాబ్దాలు పట్టింది. 2020 డిసెంబరులో అవీ పెద్ద లీగులేనని ఒప్పుకున్నారు. 2024 మేలో 2,300 మందికి పైగా ఆటగాళ్ళ అంకెలు అధికారిక రికార్డులో చేరాయి. జీవితకాల బ్యాటింగ్ సగటులో టై కాబ్ .367తో ఉన్న మొదటి స్థానం గిబ్సన్‌కు .372తో దక్కింది. ఇప్పటికి దొరికినవి సుమారు నాలుగింట మూడు వంతుల ఆటలే.

సొంత పత్రికలు లేకపోయుంటే ఇందులో ఏదీ తేలేది కాదు. ఏర్పేడు చుట్టుపక్కల మా పల్లెల్లో మాల, మాదిగ వాడల కబడ్డీ జట్లకు పత్రిక ఎక్కడిది? షీల్డు మీద దాత పేరుంటుంది, గెలిచినవాళ్ళ పేర్లుండవు. ఆడిన అన్నలు, మామలు కొందరు ఇంకా ఉన్నారు. కాలేజీ పిల్లలు, బడి అయ్యవార్లు ముందుగా వాళ్ళను అడగాల్సినవి మామూలు ప్రశ్నలే: ఏ ఏడు ఆడారు, ఏ ఊరి మీద ఆడారు, జట్టులో ఎవరెవరు, భోజనం ఎక్కడ పెట్టారు.